నిమిషం ఆగకుండా చూసిన పరీక్ష

నాకు దాని మీద కుళ్ళు. మా ఆసుపత్రిలో నాతోపాటు పనిచేసే చిన్న నర్సు సంగతి చెబుతున్నాను. వయసులో నాకంటే పదిహేడేళ్ళు చిన్నది, సర్వీసులోకి వచ్చి నిండా నాలుగేళ్ళు కూడా కాలేదు. అంత చిన్నదాని మీద కుళ్ళుకోవడానికి సిగ్గేసేది. అయినా మానలేకపోయాను.

మాది కారంపూడి నుంచి అరగంట బస్సు దూరంలో ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి. ఇరవై రెండేళ్ళుగా చుట్టుపక్కల ఊళ్ళ కాన్పులు నా చేతిమీదుగా జరిగాయి. అలా పుట్టిన ఆడపిల్లలకి ఇప్పుడు పెళ్ళిళ్ళవుతున్నాయి. రెండేళ్ళ కిందట, గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ పరీక్ష ఇకనుంచి మా దగ్గరే చెయ్యాలని, అందుకు ఒక నర్సుని నరసరావుపేట ట్రైనింగుకి పంపమని కాగితం వచ్చింది. డాక్టరుగారు ముందు నన్నే అడిగారు. ఈ మోకాళ్ళ నొప్పులతో రోజూ బస్సెక్కి ఎవరు తిరుగుతారని, "చిన్నది ఉందిగా, దాన్ని పంపండి సార్" అన్నాను. అన్నది నేనే. తర్వాత కళ్ళల్లో నిప్పులు పోసుకున్నదీ నేనే.

ట్రైనింగు నుంచి రాగానే అది ప్రతి గురువారం పరీక్షలు మొదలుపెట్టింది. పాత స్టోర్ రూం కడిగించి, కిటికీకి తన ఇంట్లో దుప్పటి తెచ్చి కట్టింది. లోపల పెట్టే స్టీలు పరికరం చల్లగా తగిలితే ఆడవాళ్ళు బిగుసుకుపోతారని, ముందే వేడినీళ్ళతో వెచ్చబెట్టేది. ఇన్నేళ్ళ సర్వీసులో ఆ ఆలోచన నాకెందుకు రాలేదని ఒళ్ళు మండింది. ఆడవాళ్ళు గుమ్మంలోంచి తొంగిచూసి, నేనొక్కదాన్నే కనిపిస్తే "చిన్న సిస్టరు లేదా?" అని అడిగి బయట బెంచీ మీద కూర్చునేవాళ్ళు. వాళ్ళలో నేను పురుడు పోసినవాళ్ళూ ఉన్నారు. ఆదివారం చర్చిలో పాస్టరమ్మ నా పక్కనే కూర్చుని దాన్ని ఒకటే మెచ్చుకుంది. "అవునండీ, మంచి పిల్ల" అన్నాను. ఆ పూట అన్నం సయించలేదు.

అసలు బాధ వేరే ఉంది. ఆ పరీక్ష ఎలా చేస్తారో నాకు తెలియదు. వెనిగర్ వాసనొచ్చే పలచటి మందేదో పూసి, లైటు వేసి చూస్తుందని, తెల్లమచ్చ కనిపిస్తే పెద్దాసుపత్రికి రాస్తుందని మాత్రం తెలుసు. అడిగితే నేర్పేదే. అడగడానికి నాకు నోరు రాలేదు. ఏదో పనున్నట్టు ఆ గదిలోకి వెళ్ళి, దూది తీసుకుంటూ ఓరగా చూసి వచ్చేదాన్ని.

ఒక గురువారం కూతురికి జ్వరమని అది సెలవు పెట్టింది. సరిగ్గా ఆ రోజే వెల్దుర్తి వైపు నుంచి ఒకామె వచ్చింది. నలభై లోపు వయసు. మిరపకోతలు మానుకుని, రెండు ఆటోలు మారి వచ్చింది.

"మా అమ్మ ఈ జబ్బుతోనే పోయింది సిస్టరమ్మా. నాకూ ఉందేమోనని చానా భయంగా ఉంది. చిన్న సిస్టరమ్మ చూస్తదంటగా?"

"ఆమె లేకపోతే ఆసుపత్రి మూసేస్తామా ఏంది? నేను చూస్తా, రా" అన్నాను.

బల్ల మీద పడుకోబెట్టి మందు పూశాను. పూసిన వెంటనే లైటు వేసి చూశాను. అంతా గులాబీ రంగులో శుభ్రంగా ఉంది. ఏమీ లేదు, నిశ్చింతగా వెళ్ళమన్నాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. రిజిస్టరులో చిన్నదాని రాత కింద నా రాతతో 'మచ్చ లేదు' అని రాసి సంతకం పెట్టాను. ఆ సంతకం చూసి అది కుళ్ళుకోవాలని ఎంతగా కోరుకున్నానో! మర్నాడు అది రిజిస్టరు తెరిచి, "మీకూ వచ్చా అక్కా! ఇంకేం, నాకు తోడు దొరికింది" అని నిజంగానే సంబరపడింది. నా ఉత్సాహం కాస్తా నీరుగారిపోయింది.

తర్వాతి సోమవారం ఆశా కార్యకర్తల మీటింగులో డాక్టరుగారు ఆ పరీక్ష గురించి దానిచేత చెప్పించారు. నేను వెనక వరసలో కూర్చున్నాను.

"మందు పూశాక గడియారం చూసుకుని నిండా ఒక నిమిషం ఆగాలి. వెంటనే చూస్తే మచ్చ ఉన్నా కనపడదు" అంది.

నేను పట్టుమని పది సెకన్లు కూడా ఆగలేదు.

అప్పుడే లేచి చెప్పాల్సింది. చెప్పలేదు. చెబితే దాని ముందు నేనేమైపోతానన్నదే నా దిగులు. ఆమెకి ఏమీ ఉండదులే అని రెండు రోజులు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తల్లి ఆ జబ్బుతోనే పోయిందన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. బుధవారం మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పుకుంటుండగా దానికి మొత్తం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. "రేపే పిలిపిద్దాం అక్కా" అని తన గోంగూర పప్పు తీసి నా డబ్బాలో వేసింది.

ఆ సాయంత్రం నేనే ఆటోలో వాళ్ళ ఊరు వెళ్ళాను. ఆమె చేలో మిరపకాయలు కోస్తోంది. మళ్ళీ ఒకసారి చూడాలన్నాను. "ఏం లేదంటిరిగా?" అంది. రేపు తప్పకుండా రమ్మనడం తప్ప ఇంకేమీ చెప్పలేకపోయాను.

గురువారం ఆమె బల్ల మీద పడుకున్నాక చిన్నది అందుకుంది. "పోయినసారి మందు పాతబడిపోయింది వదినా, అందుకే మళ్ళీ రమ్మన్నాం" అంది, నా వైపు చూడకుండా. నన్ను కాపాడుతోందన్నమాట. మంచితనంలో కూడా ఇదే నాకంటే పైనుండాలా అని మండిపోయాను. ఆ మంటలోనే నిజం బయటికొచ్చేసింది. పశ్చాత్తాపంతో అన్నానో, కుళ్ళుతో అన్నానో ఇప్పటికీ నాకు తెలియదు.

"మందు బాగానే ఉందమ్మా. నాకే ఈ పరీక్ష రాదు. వచ్చినట్టు చేశాను."

చిన్నది మందు పూసి గోడ గడియారం వైపు చూస్తూ నిలబడింది. నిమిషం అయ్యాక లైటు పట్టుకుని నన్ను దగ్గరికి పిలిచింది. శనగబద్దంత మేర తెల్లగా తేలి ఉంది.

తర్వాత గుంటూరు తీసుకెళ్ళి, ఆ మచ్చలోంచి చిన్న ముక్క తీయించి పరీక్ష చేయించాం. ఇంకా క్యాన్సర్ కాలేదని, వదిలేస్తే అయ్యే ప్రమాదం ఉందని చెప్పి ఆ మచ్చ తీసేశారు. ఇప్పుడు బాగుంది. కానీ ఆ గురువారం ఇవేవీ మాకు తెలియవు. మచ్చ ఉందని, గుంటూరు వెళ్ళాలని చిన్నది మెల్లగా చెబుతుంటే ఆమె పైకప్పు వైపు చూస్తూ విన్నది. అంతా విన్నాక తల నా వైపు తిప్పింది.

"రాదని ఆరోజే చెప్తే ఏంపోయేది సిస్టరమ్మా? మళ్ళా వారం వచ్చేదాన్నిగా."

మాట నాతో అంటూనే, బల్ల దిగడానికి చెయ్యి మాత్రం చిన్నదానికి అందించింది.