కొర్రన్నం ఉడికేదాకా

పదకొండో ఏట నేను లోకాన్ని తలకిందులుగా చూశాను. వేదాంతం కాదు, వైద్యం. నా దగ్గు అప్పటికే తాలూకా దాటి పేరు మోసింది. మార్కాపురం పక్కన మా ఊళ్లో నేను దగ్గితే గిద్దలూరులో గొర్రెలు బెదిరేవి. క్యాంపుకొచ్చిన కలెక్టరు దొర గుర్రం కూడా బెదిరిందని వినికిడి. మిషన్ ఆసుపత్రి దొరసాని నా వీపుకు గొట్టం ఆనించి విన్నది. ఊపిరితిత్తుల అడుగున చీము నిలిచిపోతోందనీ, పొద్దునా సాయంత్రం అరగంట చొప్పున తల కిందికి వేలాడేసి దగ్గితే తప్ప బయటికి రాదనీ, ఇది బతికినన్నాళ్లూ చేయాల్సిందేననీ చెప్పింది.

"కుండ బోర్లించినట్లా అమ్మా?" అన్నాడు నాయన.

"అట్లే" అంది దొరసాని.

మర్నాడే నాయన ఊరి పక్క పలకల గని దగ్గర పారేసిన పలకరాళ్లు తెచ్చి నులకమంచం కాళ్లవైపు పేర్చాడు. ఎంత ఎత్తు పేర్చాడంటే, నా పాదాలకు నల్లమల చలిగాలి తగిలేది. తల మాత్రం నేల మీద చీమలతో ముచ్చటాడేది. ఉమ్మడానికి పక్కన బూడిద పోసిన మూకుడు.

అరగంట కొలవడానికి ఇంట్లో గడియారం లేదు. మా అవ్వే గడియారం. పొయ్యి మీద కొర్రన్నానికి ఎసరు పెట్టి నన్ను మంచమెక్కించేది. అన్నం ఉడికితే, "ఇంక లెయ్ నాయనా" అనేది. కట్టెలు ఎండినవైతే నా అదృష్టం. పచ్చివైతే ఆ అరగంట వచ్చే అమావాస్య దాకా సాగేది.

మొదటి వారం నన్ను చూడడానికి పుల్లలచెరువు నుంచి కూడా బండ్లు కట్టుకొచ్చారు. నా ఈడు పిల్లలు నేల మీద వరసగా పడుకుని, నా ముఖంలో ముఖం పెట్టి, "ఏందిరా, గబ్బిలానికి పుట్టినావా?" అని నవ్వేవారు. ఆ వెక్కిరింత ఎంత బాగుండేదో! రెండో వారానికి గబ్బిలం పాతబడింది. గోలీల చప్పుడు వీధి చివరికి తరలిపోయింది. ఒక కుక్క వచ్చి, మూకుడు వాసన చూసి, అదీ వెళ్లిపోయింది. ఇక మిగిలింది అవ్వ మాట ఒక్కటే. ఆ "లెయ్" కోసం అరగంటా చెవులు రిక్కించి ఉండేవాణ్ణి.

అంతలో వాన పడింది. విత్తడానికి మనుషులు చాలక అవ్వ కూడా చేనికి బయలుదేరింది. "అన్నం ఉడికిన వాసన వస్తాది. నువ్వే లేచి కుండ దించుకో" అని చెప్పి పోయింది.

వాసన వచ్చింది. తర్వాత మాడు వాసన వచ్చింది. ఆ తర్వాత కొనకనమిట్ల దాకా పొగ కమ్మింది. నేను లేవలేదు. ఎవరూ "లెయ్" అనకుండా ఈరోజు లేస్తే, రేపటి నుంచి నేనే వేలాడాలి, నేనే లేవాలి. బతికినన్నాళ్లూ.

అవ్వ పరుగెత్తుకొచ్చి కుండ దించింది. "ముక్కు లేదారా నీకు? ఊరంతా కంపు కొడతాంటే!"

"నువ్వు లెయ్ అనలేదు గదా అవ్వా."

అవ్వ ఇంకేదో తిట్టబోయి, మట్టి చేతులతోనే నా తల పక్కన కూలబడింది. కాసేపు నా తలకిందుల ముఖం చూసింది.

"లెయ్ నాయనా" అంది.

మర్నాటి నుంచి అన్నం ఉడికే వేళకు చేను గట్టు మీంచే కేకేసేది. ఆ కేకకు ఊళ్లో పడుకున్న ఎద్దులూ, మంచం పట్టిన ముసలివాళ్లూ, సమాధుల దొడ్డిలో సగం మందీ లేచేవారు. నేనూ లేచి కుండ దించేవాణ్ణి.

గాలి చేను వైపు వీచే రోజున మాత్రం కేక నా దాకా వచ్చేది కాదు. అన్నం కుతకుతలాడి సద్దుమణిగేది. కుండ దించి, మళ్లీ వచ్చి తల వేలాడేసుకుని, గాలి తిరిగేదాకా వింటూ ఉండేవాణ్ణి.