ఫోనులో మరమ్మతు

మా అక్క మొగుడిని ఆసుపత్రిలో అందరూ మెషిన్ బాబాయ్ అనేవాళ్లు. రోగుల రిపోర్టులన్నీ దాచే మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్ ఆయన చేతిలో ఉండేది. బీరువాలంత మెషిన్, చలి గది. ఎండాకాలంలోనూ స్వెట్టర్ వేసుకుని వెళ్లేవాడు. "అక్కని చూడకుండా నెలైనా ఉంటావు గానీ, దాన్ని చూడకుండా పూటైనా ఉండలేవు బావా" అని నేను ఏడిపిస్తే ముసిముసిగా నవ్వేవాడు.

దాని ప్రోగ్రాములు పాతబడ్డాయని, సరిచేయించాలని, ఇంకొకరికి పని నేర్పాలని బావ అడగని ఏడాది లేదు. పెద్ద డాక్టరుది ఒకటే మాట: "నడుస్తోంది కదయ్యా! నడిచేదాన్ని కెలకడం దేనికి?" ముందు హాల్లో పాలరాయి మాత్రం రెండుసార్లు మార్పించాడు మహానుభావుడు. పైన పటారం, లోన లొటారం.

బావ రిటైరయ్యాక బిల్లుల కౌంటర్ నుంచి ఒకామెను తెచ్చి అక్కడ ఆపరేటరుగా కూర్చోబెట్టారు. పాపం, ఆమెకు దాని తలాతోకా తెలియదు. మెషిన్ మొరాయించినప్పుడల్లా మా అక్కవాళ్లింటికి ఫోన్. బావ కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, ఏం నొక్కాలో చెప్పేవాడు. అది లేచేది. బాబాయ్ ఉన్నాడుగా అని అందరూ నిశ్చింతగా నిద్రపోయారు.

తర్వాత బావకి మతిమరుపు జబ్బు పట్టుకుంది. మొదట కళ్లజోడు మరిచాడు, తర్వాత ఇంటి దారి. "ఎవరమ్మా మీరు?" అని నన్ను మర్యాదగా అడిగిన రోజు వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. వైద్యం అదే ఆసుపత్రిలో. పరీక్షల రిపోర్టులన్నీ ఆ మెషిన్లోకే. "కాగితాలెందుకమ్మా, లోపల భద్రంగా ఉంటాయి" అనేవాళ్లు.

ఫోన్లు మాత్రం ఆగలేదు. బావ జబ్బు సంగతి అక్క ఆపరేటరుకు చెప్పలేదు; లోపలికి వచ్చే రిపోర్టులు ఎవరివో ఆమె చూసేది కాదు. "అది మోగితేనే ఆయన మొహంలో వెలుగొస్తుందే. అదీ లాక్కోమంటావా?" అంది నాతో.

మొన్న కొత్త డాక్టరొకాయన ఒక మందు ఉందన్నాడు. పాత రిపోర్టులన్నీ చూసి, జబ్బు ఎలా ముదిరిందో తెలిస్తేనే మొదలుపెడతానన్నాడు. ఎన్నాళ్లకో అక్క అద్దంలో చూసుకుని తల దువ్వుకుంది. ఇద్దరం ఆ చలి గదికి పరుగెత్తాం.

ఆపరేటరు కళ్లు వాచిపోయి ఉన్నాయి. "పోయినవారం మెషిన్ ఆగిపోయిందక్కా. బాబాయ్ చెప్పినట్టే చేశాను. రెండుసార్లు అడిగాను. 'తుడిచెయ్, ఏం కాదు' అన్నారు. పాత రిపోర్టులన్నీ పోయాయి."

"కాపీలు ఉంటాయి కదా?" అన్నాను.

"కాపీలు తీసే ప్రోగ్రాం ఎప్పుడో చెడిపోయిందట. ఎవరూ చూడలేదు."

అక్క ఆమెను ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం ఆ పాత పెద్ద డాక్టరును పట్టుకుని కడిగేయాలనిపించింది. ఆయన ఉద్యోగం మానేసి చాలాకాలమైందట.

ఇంటికి వచ్చేసరికి బావ ఫోన్లో ఉన్నాడు. అవతల, బావ జబ్బు సంగతి తెలియని ఇప్పటి పెద్ద డాక్టరు. ఆ రిపోర్టులు వెనక్కి తేగలమా అని ఆయన అడగడం బయటికి వినిపిస్తోంది. బావ కళ్లు మూసుకుని, వెనకటి గొంతుతో చెబుతున్నాడు: "భయపడకండి. ఒకసారి ఆపి మళ్లీ లేపండి. నేనున్నానుగా."

నేను ఫోన్ లాక్కోబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"మాట్లాడుకోనీవే. ఇంక పోవడానికి ఏం మిగిలింది?"