గంట ప్రయాణానికి ప్రస్థానం

ఆ రోజుల్లో తర్కానికి లొంగనిది లోకంలో ఏదీ లేదని నాకు గట్టి నమ్మకం. (ఇప్పటికీ ఉంది, మా మేనత్తను మినహాయించుకున్నాను, అంతే.) మా ఊరి దగ్గరి తోరణగల్లు నుంచి హైదరాబాదుకు విమానాలు మొదలైన కొత్త. మా బళ్లారి బజారులో అందరూ రాత్రంతా బస్సులో నడుములు విరగ్గొట్టుకుని వెళ్లేవాళ్లే. నేను మాత్రం ఫోనులో పటం తెరిచి, గాలిదారిలో సుమారు మూడు వందల కిలోమీటర్లే, గంటకు కాస్త అటూ ఇటూగా దిగిపోవచ్చని ఇంటికొచ్చిన ప్రతివాడికీ పాఠం చెప్పాను. ఆ సాయంత్రం హైదరాబాదులో మూఢనమ్మకాల మీద చర్చాసభ. వేదికెక్కి మాట్లాడమని నన్ను పిలవడం అదే మొదటిసారి. వేళకు రాకపోతే ఇంకొకరిని మాట్లాడిస్తామని నిర్వాహకులు ముందే చెప్పారు. నా అంశం ముహూర్తాలు.

విమానమేమో సరిగ్గా రాహుకాలంలో. "ఇమానం వాళ్ల ఇండ్లల్లో పంచాంగం ఉండదేందప్పా?" అంది అత్త. "గంట ప్రయాణంలో రాహువు నన్ను యాడ పట్టుకుంటాడత్తా?" అన్నాను. ఆమె పంచాంగం మూసి వంటింట్లోకి వెళ్లిపోయింది. గెలిచాననుకున్నాను. (ఎదుటివాళ్లు ఊరుకుంటే గెలిచినట్టు కాదని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.)

మధ్యాహ్నం బయల్దేరబోతే నా సంచి లేదు. మంచి గడియలో సంచినో చేతికర్రనో ఇంకొకరింట్లో పెట్టించి, ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్కవేసుకోవడం మా బేరగాళ్ల ఇళ్లలో పాత పద్ధతి. దాన్నే ప్రస్థానం అంటారు. అత్త తెల్లారగానే నా సంచిని ఎదురింటి బియ్యం షావుకారు దేవుడి గదిలో పెట్టించింది. ఆధార్ కార్డు అందులోనే. షావుకారు ఇంటికి తాళం వేసి వడ్ల బేరానికి ఎమ్మిగనూరు పోయాడు.

ఫోను చేస్తే, "నీ సంచి భద్రంగా ఉండాదప్పా, దీపం గూడా పెట్టినా" అన్నాడు.

"దీపం వద్దు మామా, తాళంచెవి కావాల!"

"వస్తాండా, వస్తాండా."

ఆయన వచ్చేదాకా వాళ్ల మెట్ల మీద కూర్చుని పళ్లు కొరుకుతుంటే, అత్త బొరుగుల ఉగ్గాణి తెచ్చి పెట్టింది. "తిను. కడుపు మాడ్చుకుంటే షావుకారు కారు జోరుగా వస్తాదా?" ఇంతటి తర్కం ఆమె దగ్గర ఉందని నాకు అంతవరకూ తెలియదు. తిన్నాను.

తాళం తీశాక, ఖనిజం లారీల వెనక దుమ్ము మింగుతూ తోరణగల్లు చేరేసరికి విమానం వేళ దాటిపోయింది. కానీ విమానం రానేలేదు. హైదరాబాదులో వాన, అక్కణ్నించే ఆలస్యంగా బయల్దేరిందట. ఎక్కాను, దిగాను, చెప్పులు తుడుచుకోకుండానే వేదికెక్కాను. ముహూర్తాలను చీల్చి చెండాడాను. చివర్లో అవతలి పక్షం పెద్దాయన అడిగాడు: "అవునుగానీ బాబూ, ఎందుకంత రొప్పుతూ వచ్చారు?" అబద్ధం ఆడడం నా సిద్ధాంతానికి విరుద్ధం. జరిగింది చెప్పాను. సభంతా పగలబడి నవ్వింది. "ఈసారి మీ అత్తగారిని పిలుద్దాం" అన్నాడు అధ్యక్షుడు.

ఇంటికి ఫోను చేస్తే, "చూసినావా, ప్రస్థానం పెట్టినందుకే ఇమానం నీకోసం నిలబడింది" అంది.

"సంచి నువ్వు పంపబట్టే గదత్తా నాకు ఆలస్యమైంది!"

"ఐనా అందింది గదప్పా."

తర్వాత ఎన్ని వేదికలెక్కానో! రాహువుతో నాకు ఇప్పటికీ రాజీ లేదు. కానీ ఫోనులో పటం పట్టుకుని ఊరంతటికీ పాఠం చెప్పిన ఆ కుర్రవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. మూడు వందల కిలోమీటర్లు లెక్కగట్టాడు గానీ, మా గడప నుంచి ఎదురింటి గడపకు ఎంత దూరమో కొలవలేకపోయాడు పాపం.