గాజు, సైకిల్ రింగు, గుట్ట

మా సైన్సు టీచరమ్మ పోయిందని పొద్దున్నే ఫోను వచ్చింది. నేను బడికి బయల్దేరుతున్నాను. నేనూ ఇప్పుడు ఆమె బడిలోనే సైన్సు చెబుతున్నాను. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. బీడు సంగతి తేలకుండా ఎట్లా పోతారు మేడమ్ అని ఆమెనే తిట్టుకున్నాను.

నందికొట్కూరు అవతల మా ఊరి బీడు మీకు తెలిసి ఉండదు. చెట్టూ చేమా లేని గడ్డి నేల. ఆమె పాఠాలన్నీ అక్కడే. ముందు చేతి గాజు తీసి నేల మీద పెట్టేది. అందులో ఏముందో చూసి చెప్పాలి. చీమలు, గడ్డి గింజలు, ఎండిన గొర్రె పెంటికలు. తర్వాత టైరు లేని సైకిల్ రింగు వేసేది. ఒక్కోసారి అందులో పిట్ట గూడు దొరికేది. ఆ పైన రొప్పుకుంటూ అందరం గుట్ట ఎక్కాలి. అక్కణ్ణుంచి గొర్రెల దారులు, బీడు మీద పడిన వాన మెల్లగా దిగే వంక, దాని పొడుగునా బావులు కనిపించేవి.

"గాజులో చూసి గుట్ట మాట చెప్పాకండప్పా" అనేది.

తను చేసిన పొరపాటును కూడా ఏటా నవ్వుతూ చెప్పేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, గొర్రెలు గడ్డిని బతకనివ్వడం లేదని బీడులో ఒక మూల చుట్టూ కంప కొట్టించిందట. మరుసటేడు రింగు వేస్తే లోపల గడ్డి దట్టంగా ఉంది. సంబరపడి కాపర్లకు గొప్పలు చెప్పుకుంది. ఇంకొన్నేళ్లకు ఆ గడ్డే ముదిరి ఎండిపోయి, మధ్యలో సర్కారు తుమ్మ లేచింది. నేల మీద గుడ్లు పెట్టే పిట్టలు ఆ మూలకు రావడం మానేశాయి. కంపను తనే దగ్గరుండి పీకించింది. రింగు అబద్ధం చెప్పలేదు, నేనే దాన్ని శానా అడిగినా అనేది.

బీడు ఖాళీగానే పడి ఉంది కదా, గుంతలు తీసి అంతటా మొక్కలు నాటుదామని పోయినేడు ఊళ్లో మాట లేచింది. చెట్లంటే ఎవరికి చేదు? ఆమె కూడా ఇంటి ముందు వేపకు బిందెలతో నీళ్లు మోసిన మనిషే. అయినా ఈ ఏడు జబ్బుతోనే గ్రామసభకు వచ్చి, గుట్ట ఎక్కి చూసినాకనే తీర్మానం రాయండని పట్టుబట్టింది. వానలు పోయాక ఎక్కుతామని సర్పంచూ పెద్దలూ అన్నారు. ఆ లోపే చర్చి వెనక ఆమెను మట్టిలో పెట్టాం.

సర్పంచ్ నాకు వరసకు చిన్నాయన. సమాధి దగ్గరి నుంచి వస్తుంటే అడ్డంగా నిలబడ్డాను.

"గుట్ట ఎక్కుతానంటివి కదా చిన్నాయనా."

"మోకాళ్ల నొప్పులమ్మా."

"ఆయమ్మకు అంతకంటే పెద్ద రోగమే ఉండె."

గుట్ట వైపు నడిచాడు. గుట్ట మీద చాలాసేపు నిలబడ్డాడు. పక్క ఊళ్ల మందలు కూడా మన బీడు మీదికే వస్తాయా అని అడిగాడు. ఆ వంక కింద తన బావి ఎక్కడుందో వెతుక్కున్నాడు.

తీర్మానం ఇంకా రాయలేదు. సభ రోజు ముందు వరసలో నేనుంటాను, ఆమె సైకిల్ రింగు నా పక్కన ఉంటుంది. ఎవరు నవ్వినా సరే.

ఆ రోజు గుట్ట దిగి వచ్చేటప్పుడు బీడు మధ్యలో చిన్నాయన ఆగాడు. చేతి కడియం లాగి గడ్డి మీద పెట్టి, నొప్పి మోకాళ్ల మీదే కూర్చుని అందులోకి వంగి చూశాడు. కాసేపటికి తలెత్తి గుట్ట వైపు చూశాడు. కడియం తీసుకోవడం మరిచి నడిచిపోయాడు.