అతుకు లేని బండ

వంటింటి గ్రానైట్ మీద నేనిప్పుడు కొట్టే స్ప్రేకి నిమ్మ వాసన ఉంటుంది, ఏ నిమ్మచెట్టూ ఎరగని నిమ్మ వాసన. అమ్మకి జబ్బు ముదిరిన రోజుల్లో, ఒంట్లో తట్టుకునే శక్తి తగ్గిపోయింది, వంటిల్లు పరిశుభ్రంగా ఉంచుకోండమ్మా అని డాక్టరు చెప్పినప్పటినుంచీ ఆ సీసా గట్టు మూలకి చేరింది. అమ్మ పోయినా అలవాటు పోలేదు. ముందు సబ్బునీళ్ళతో కడిగి, స్ప్రే కొట్టి, కాసేపు తడిగా వదిలేసి, పొడిగుడ్డతో తుడిచి, ఆఖర్న అరచేత్తో ఆ చివరినుంచి ఈ చివరిదాకా బండని ఒకసారి తడుముతాను. ఆ తడమడం మాత్రం డాక్టరు చెప్పింది కాదు.

మాది నూజివీడు నుంచి ముసునూరు వెళ్ళే దారిలో చిన్న ఊరు. ఎండాకాలం వచ్చిందంటే ఊరంతా మామిడే. తెల్లారేసరికి తోటల్లో కోతలు, సొన కారి చేతులు పొక్కిన మనుషులు, గడ్డి పరిచిన ట్రాక్టర్లు, మంచాల కింద మగ్గుతున్న చిన్నరసాల వాసన, ఆ వాసనకి మూగే ఈగలు, ఈగల్ని తోలుతూ మా నాయనమ్మ తిట్లు. మేం పిల్లలం రసం చేతుల మీదుగా మోచేతుల దాకా కారుతుంటే నాక్కుంటూ, టెంకల్ని పీల్చి పీల్చి తెల్లగా చేసి, ఎవరిది ఎక్కువ దూరం పోతుందో చూద్దామని గోడ మీంచి విసిరేవాళ్ళం. అలాంటి ఊళ్ళో, పక్కింట్లో గిన్నె పట్టుకుని ఆవకాయ అడగాల్సి రావడమంటే మా వాళ్ళకి తల కొట్టేసినట్టుండేది. ఆ గతి మా ఇంటికి పట్టింది.

మొదట్లో మా ఇంట్లో వంట నేలమీదే. తమ్ముడు పుట్టాక అమ్మకి నడుం పట్టేసి వంగలేకపోతుంటే, నాన్న రెండు కడప బండలు తెప్పించి గోడవారగా గట్టు కట్టించాడు. మా వీధిలో నిలబడి వంట చేసిన మొదటి ఆడమనిషి అమ్మే. "దొరసానిలాగా వండుతుంది మా కోడలు" అనేది నాయనమ్మ, సగం గొప్పగా, సగం గుర్రుగా. ఆ నల్లబండని అమ్మ రోజూ వంటయ్యాక బూడిదా కొబ్బరిపీచూ పెట్టి తోమేది. నిమ్మచెక్కనీ చింతపండునీ మాత్రం దాని దరిదాపులకి రానిచ్చేది కాదు. ఇత్తడి బిందెని మెరిపించే పులుపే కడప బండని తినేస్తుంది. పచ్చిమామిడి చెక్క ఒకటి దానిమీద మరిచిపోతే చాలు, పొద్దున్నకి బొల్లిమచ్చ తేలేది.

ఇక ఆవకాయ రోజులొస్తే ఆ గట్టుకి పండగ స్నానమే. సలసలా కాగిన నీళ్ళు పోసి, పసుపునీళ్ళతో కడిగి, గుడ్డ పెట్టి ఒత్తి తుడిచి, అదీ చాలక బొగ్గుల ఇస్త్రీపెట్టె తెచ్చి, పాత పంచె పరిచి దానిమీంచి బండంతా ఇస్త్రీ చేసేది అమ్మ. నా చొక్కాలకి లేని భోగం ఈ బండకి పట్టిందని నాన్న వేళాకోళం. తర్వాత ఉతికిన పంచె ఒకటి వేసి, కొట్టిన మామిడి ముక్కల్ని జీడి తీసి, తుడిచి, దానిమీద పరిచేవారు. రాత్రంతా అవి అలా ఆరాలి. తడి తగిలితే ఆవకాయ నిలవదు.

గట్టు వచ్చిన ఏడాదే నాయనమ్మ మోకాళ్ళ నొప్పులొచ్చి ఆవకాయ కలిపే పని అమ్మకి అప్పగించింది. ఆ ఏడు ఆవకాయకి బూజు పట్టింది. మరుసటేడూ పట్టింది. ఎదురింటి మార్తమ్మ జాడీలోకి తొంగిచూసి, "నీ కోడలి చెయ్యి కలిసొచ్చినట్టు లేదు పిన్నీ" అంది. "నేనూ అదే అనుకుంటున్నానే" అంది నాయనమ్మ. అమ్మ అక్కడే, అన్నం వారుస్తూ ఉంది.

మేం క్రైస్తవులం. వారం, వర్జ్యం చూసేవాళ్ళం కాదు. కారం, ఆవపిండి, ఉప్పు రాశులుగా పోసుకుని, నాయనమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తే అదే మాకు ముహూర్తం. అయినా హస్తవాసి అనేదాన్ని మాత్రం వదులుకోలేకపోయాం. మార్తమ్మ మాట వీధి చివరిదాకా నడిచింది. అంతకుముందు ఆవకాయలప్పుడు ఒకళ్ళింటికి ఒకళ్ళు సాయం వెళ్ళేవారు. ఇప్పుడు అమ్మని ఎవరూ పిలవలేదు. పెళ్ళి వంటల దగ్గర ఉల్లిపాయలు తరగమనేవారు, ఊరగాయ జాడీ దగ్గరికి వెళితే మాత్రం "నువ్వుండమ్మా, నే తీస్తాను" అని నవ్వుతూ అడ్డం వచ్చేవారు. అమ్మ ఇంటికొచ్చి గట్టుని ఇంకా గట్టిగా తోమేది.

మూడో వేసవిలో నాయనమ్మే మోకాళ్ళు పట్టుకుని కూలబడి, ఆవకాయ తన చేత్తో కలిపింది. అమ్మ గట్టు మాత్రమే శుభ్రం చేసింది. నెల తిరక్కుండా ఆ జాడీ మీదా తెల్లటి బూజు తేలింది. ఈసారి ఎవరి చెయ్యో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. నాయనమ్మ జాడీ ముందునుంచి లేచి గట్టు దగ్గరికెళ్ళి, చివర ఉన్న నీళ్ళబిందెల వైపునుంచి అరచేత్తో తడుముకుంటూ వచ్చి, బండలు రెండూ కలిసే అతుకు దగ్గర ఆగింది. దానిమీద ఎండలో ఆరిన గుడ్డ పరిచి పొత్రం బరువు పెట్టింది. సాయంత్రం తీసి చూస్తే గుడ్డ మీద సన్నగా, పొడుగ్గా తడి గీత. బిందెల కింద కారిన నీళ్ళు బీటలిచ్చిన సిమెంటులోకి దిగి అక్కడ దాక్కున్నాయి. పైన ఎంత ఇస్త్రీ చేసినా రాత్రంతా ఆ చెమ్మ పైకి వచ్చి ముక్కలకి పట్టేది.

"నీ చెయ్యి కాదమ్మాయ్, ఈ అతుకు" అంది నాయనమ్మ.

అమ్మ ఆ గుడ్డ తీసుకెళ్ళి ఉతికి ఆరేసింది.

నాయనమ్మ ఆ మాట వంటింట్లో అంది, వీధిలో అనలేదు. అనాలంటే తను కలిపింది కూడా పాడైందని ఒప్పుకోవాలి కదా. ఆవిడంటే నాకెంతో ప్రేమ, ఒళ్ళో పడుకోబెట్టుకుని పెంచిన మనిషి, అయినా ఆ ఒక్క సంగతి నాకిప్పటికీ మింగుడుపడదు. నాన్న అతుకు పూడ్పించాడు, బిందెలు వసారాలోకి మారాయి. మరుసటేడు నాయనమ్మ కలపమంటే, "ముందు మీరు చెయ్యి పెట్టండి అత్తయ్యా" అంది అమ్మ. అది మర్యాద అనుకుని నాయనమ్మ మురిసిపోయింది. ఆవిడ పోయాక ఆ వంతు నాకొచ్చింది. అప్పుడు గానీ అది మర్యాద కాదని నాకు తెలియలేదు. ఆ తర్వాత మా ఇంట్లో ఏ ఆవకాయా పాడవలేదు. అయినా ఏ ఏడూ అమ్మ తన చెయ్యి ముందు పెట్టలేదు.

పోయిన వేసవిలో అమ్మ నూజివీడులో మా ఇంట్లోనే ఉంది. పచ్చడి తినకూడదన్నారు. "తినకపోతేనేం, కలుపుతాను" అంది. నేను గట్టుకి స్ప్రే కొట్టి తుడిచాక, చిక్కిపోయిన చేత్తో గ్రానైట్ అంతా తడిమింది.

"అతుకు లేదుగా?"

"లేదమ్మా. మొత్తం ఒకటే బండ."

తల ఊపింది. బేసిన్‌లో పప్పునూనె పోసి ముక్కలు వేశాను. అమ్మ చెయ్యి అంచుదాకా వచ్చి ఆగిపోయింది.

"అయినా ముందు నువ్వు పెట్టు తల్లీ."

పెట్టాను. ఆ తర్వాతే కలిపింది, మెల్లగా, అడుగునుంచి.

కడప బండలు ఇప్పుడు మా పాత ఇంటి కాలవ మీద పడున్నాయి. ఇస్త్రీపెట్టె ఏమైందో తెలీదు. మార్తమ్మా లేదు, ఆ మాట విన్న వాళ్ళలో చాలామంది లేరు. జాడీలో ఆవకాయ మాత్రం ఏడాది దాటినా ఎర్రగా, ఘాటుగా అలాగే ఉంది. ఇంటికి ఎవరొచ్చినా, అడిగినా అడక్కపోయినా, "ఇది మా అమ్మ చేత్తో కలిపింది" అని చెప్పి వడ్డిస్తున్నాను. అందరూ బాగుందంటున్నారు. వినాల్సిన మనిషి లేదు.