చాచీ కూర్చోని సభ

చాచీ పోయిందన్న కబురు నాకు ఆమె ఇంటి నుంచి రాలేదు. మా రెండిళ్లకూ మధ్య ఒక్క గోడే అడ్డం, అయినా ముందు ఫోన్‌లోనే చూశాను. వార్డు గ్రూపులో మా వార్డు లీడర్ పెట్టాడు, సభలో తీసిన చాచీ ఫోటోతో సహా: "మన వార్డు అభివృద్ధికి చివరిదాకా సహకరించిన చాచీకి కన్నీటి వీడ్కోలు."

పొయ్యి ఆపేసి పరుగెత్తాను. చాచీ కోడలు గుమ్మంలో కూలబడి ఉంది. "పొద్దున నమాజుకు లేవలే ఆంటీ," అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. అంతిమయాత్ర బండి కోసం చాచీ కొడుకు మొదట లీడర్‌కే ఫోన్ చేశాడట. ఆయనకు ముందుగా ఎట్లా తెలిసిందన్న అనుమానం అక్కడితో తీరింది. 'సహకరించిన' అన్న మాట మాత్రం మింగుడు పడలేదు. ఏడుస్తూనే దాని గురించి ఆలోచించాను. నా స్థానంలో చాచీ ఉన్నా అదే చేసేది.

చాచీ గాజులమ్మేది. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లూ గంప బస్సులో వేసుకుని అల్లాదుర్గ్, రేగోడ్ వారపు అంగళ్లకు పోయి వచ్చేది. మోకాళ్లు మొరాయించాక ఇంటి అరుగే దుకాణమైంది. నేను పెళ్లయి మెదక్‌కు వచ్చిన కొత్తలో, ఈ గల్లీలో నాతో మొదట నవ్వుతూ మాట్లాడింది ఆమే. నా చేతి కణుపులు నొక్కి చూసి, "జర చెయ్యి వదులు చెయ్యి బిడ్డా, గుంజుకపోతనా ఏంది!" అన్నది. గాజు తొడిగే ముందు ఎన్నో అడిగేది. ఇదివరకు ఏ సైజు వేసుకున్నావు, నొప్పేమన్నా ఉందా, అంట్లు తోమేటప్పుడు తీస్తావా ఉంచుతావా అని. ఇన్నెందుకని అడిగితే, "ఎక్కినంక అడిగితే ఏం ఫాయిదా? ఎక్కకముందే అడగాలె," అనేది.

వార్డు సభల గురించి కూడా ఆమెది అదే మాట. సభ ఎప్పుడూ మా నల్లా వచ్చే వేళకే పెడతారని మొదట పసిగట్టింది చాచీయే. "ఆడోళ్లు బిందెల కాడుంటరు, మొగోళ్లు పనుల మీద పోతరు. ఇగ అడిగేదెవరిని, కుర్చీలనా?" అని నవ్వేది. ఎవరైనా గట్టిగా ప్రశ్న వేయగానే చాయ్ వస్తుందని కూడా ఆమే చూపించింది. ఆ తర్వాత నేను గమనిస్తూ వచ్చాను. నిజమే. చాయ్ గ్లాసులు అందుకునే సందట్లో ప్రశ్న కింద పడిపోతుంది.

ఆమెకు ఇంత అనుమానం ఊరికే రాలేదు. మా గల్లీలో సిమెంటు రోడ్డు వేసేముందు కూడా సభ పెట్టారు. రోడ్డు ఎంత ఎత్తు లేపుతారని చాచీ అడిగింది. "చెప్తం చాచీ, ముందుగాల కూసో," అన్నారు. కూర్చున్నది. చాయ్ తాగింది. అందరితో పాటు చప్పట్లు కొట్టింది. తీరా చూస్తే రోడ్డు ఆమె గడపకన్నా ఎత్తయింది. మొదటి వానకే నీళ్లు ఇంట్లోకి వచ్చి గాజుల పెట్టెలు తడిసిపోయాయి. అడగబోతే, "సభల అందరు ఒప్పుకున్నరు గద," అన్నారు.

అప్పటి నుంచి ఏ సభలోనూ చాచీ జవాబు రాకముందు కూర్చోలేదు. జవాబు వస్తే కూర్చునేది, రాకపోతే సభ ముగిసేదాకా నిలబడేది. వీధిదీపాల సభలో ఆఫీసర్ తేదీ చెప్పగానే "షుక్రియా సార్" అని కూర్చున్నది. చాచీ కూర్చున్నదా లేదా అన్నదాన్ని బట్టి సభ ఎట్లా జరిగిందో మాకు తెలిసేది.

ఆమె వచ్చిన చివరి సభ అంగన్‌వాడీ పక్కనున్న ఖాళీ జాగా గురించి. అక్కడ చెత్త వేరుచేసే షెడ్డు కడతామన్నారు. మా గల్లీ పిల్లలు ఆడుకునేది అక్కడే. చాచీ మనవరాలు చదివేది ఆ అంగన్‌వాడీలోనే. చాచీ లేచి, "వానాకాలం గా షెడ్డు నీళ్లు ఎటు పోతయి బేటా?" అని అడిగింది. జాగా వాలు అంగన్‌వాడీ వైపే.

"అన్నీ చూస్తం చాచీ. కుర్చీలు కిరాయికి తెచ్చినం, జర కూసో," అన్నాడు లీడర్.

"కిరాయి నీది, మోకాళ్లు నావి. జవాబు చెప్పు, కూసుంట."

అందరం నవ్వాం. చాయ్ వచ్చింది. ఫోటోలు తీశారు. చాచీ కుర్చీ వీపు పట్టుకుని చివరిదాకా నిలబడే ఉంది. ఇంటికి వస్తూ దారిలో రెండుసార్లు ఆగింది. కూర్చుంటే ఏం పోయేదని కోప్పడ్డాను. "కూసుంటే ఒప్పుకున్నట్టే రాసుకుంటరు బిడ్డా," అన్నది.

ఆమె పోయాక మళ్లీ సభ పెట్టారు, అదే ఖాళీ జాగాలో. వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ. గ్రూపులో పెట్టిన ఫోటోనే, చాచీ చివరి సభలో తీసినదాన్ని, పెద్దది చేయించారు. లీడర్ మైకు అందుకుని, "షెడ్డుకు మన చాచీ పేరే పెడదాం. ఆమె గూడ ఒప్పుకున్న పనే," అన్నాడు. కొందరు చప్పట్లు కొట్టారు. చచ్చిన మనిషి లేచొచ్చి కాదనదు కదా అన్న ధీమా ఆయన గొంతులో నాకు వినబడింది. నేను ఫ్లెక్సీ వైపే చూస్తూ ఉన్నాను.

నా పక్కనుంచి చాచీ కోడలు లేచింది. ఆమె సభలో నోరు విప్పడం నేనెప్పుడూ చూడలేదు. "భాయ్, ఫోటో మంచిగ చూడుండ్రి. అందరు కూసున్నరు. మా అత్తమ్మ ఒప్పుకుంటే కూసునేది గద?"

చప్పట్లు ఆగిపోయాయి. నేను లేచాను. నా వెనక కుర్చీలు జరుగుతున్న చప్పుడు వినబడింది. ఆడవాళ్లందరూ లేచారు. వాళ్లను చూసి మగవాళ్లూ లేచారు.

కొత్తగా వచ్చిన ఆఫీసర్ కంగారుపడ్డాడు. "ఏందమ్మా, సభ అయిపోయిందనుకున్నరా?"

"కాలే సార్," అన్నాను. "వాన నీళ్లు ఎటు పోతయో చెప్పుండ్రి. కూసుంటం."

చాయ్ వచ్చింది. ఎవరూ గ్లాసు అందుకోలేదు. ఇంజనీర్‌ను తీసుకొచ్చి వాలు చూపిస్తామని, అప్పటిదాకా పని మొదలు కాదని ఆఫీసర్ మైకులో చెప్పాడు. నేను నమ్మానని అనను. వచ్చినప్పుడు చూస్తాను. చాచీ నేర్పింది అదే కదా.

ఆ సాయంత్రమే కిరాయి కుర్చీలు ఆటోలో వెళ్లిపోయాయి. ఫ్లెక్సీ విప్పడం ఎవరికీ గుర్తు రాలేదు. ఇప్పుడు అంగన్‌వాడీ పిల్లలు దాని నీడలో ఆడుకుంటున్నారు. ఫోటోలో అందరూ కూర్చుని కెమెరా వైపు నవ్వుతుంటే, చాచీ మాత్రం కుర్చీ వీపు పట్టుకుని, జవాబు కోసం పక్కకు చూస్తూ నిలబడి ఉంది.