పంటు మీద ఫియట్

నిన్న మా అమ్మాయి కారు నడుపుతుంటే, గోదారి మీది చించినాడ వంతెన ముందు పెళ్లిపూలు చుట్టిన పద్మిని కారొకటి కనిపించింది.

ఆ ఇటలీ బండి మన దగ్గర పేరు మార్చుకుని పద్మిని కాకముందు, ఫియట్‌గా ఉన్న రోజులు మీకు గుర్తున్నాయా? ముందు తలుపులు వెనక్కి తెరుచుకునేవి. మాకు అదే ఉండేది. నరసాపురం రేవులో మమ్మల్ని దింపేసి, నాన్న ఒక్కరే దాన్ని చెక్కల మీదుగా గోదారి దాటించే పంటు ఎక్కించేవారు. చెక్క కిర్రుమన్నప్పుడల్లా అమ్మ నా వేళ్లు నలిపేసేది.

"తలుపు తీసే ఉంచండీ, దూకడానికి వీలుగా ఉంటుంది," అని ఒడ్డు మీంచి అరిచేది.

నిన్న వంతెన ఎక్కి వేగం అందుకోగానే, మా కారు తలుపులు వాటంతటవే టక్కున లాక్ పడ్డాయి.

"లాక్ తియ్యమ్మా," అన్నాను.

"ఇది వంతెన కదమ్మా," అంది, తియ్యకుండానే.

అవతలి ఒడ్డు వచ్చేదాకా నా వేళ్లు తలుపు హ్యాండిల్‌ని వదల్లేదు.